పర్లాకిమిడి మేడ మీద పెట్టె

వ్యాఖ్యాత: నమస్కారం. మొదలుపెట్టబోతుంటే టీచరుగారి ఫోన్ మోగింది. ఏమొచ్చింది మేడమ్?

టీచరు: ‘ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం’ అట! (నవ్వు) కూర్చున్నది ఒడిశాలోని పర్లాకిమిడిలో. సరిహద్దు అవతల పాతపట్నం వైపు టవరు అందుకుంటే ఇంతేనండి. మా ఇంట్లో అయితే వంటింట్లో ఒడిశా, పెరట్లో ఆంధ్రా.

వ్యాఖ్యాత: టవర్ల బదులు జనాల ఇళ్ల మీద పెట్టే సిగ్నల్ పెట్టెలతోనే ఫోన్ కంపెనీ నడుపుతామంటోంది అమెరికాలో హీలియం మొబైల్. ఇంజినీరుగారూ, అదెలా?

ఇంజినీరు: టవరు కట్టాలంటే స్థలం, అద్దె, కరెంటు, కాపలా కావాలి. ఆ బరువంతా వీళ్లు జనం మీదికి మార్చారు. పెట్టె మీరే కొనుక్కుని ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు తగిలిస్తారు. దారిన పోయేవాళ్ల ఫోన్లు దాని మీద నడిస్తే, వాడిన డేటాకు మీకు టోకెన్లు, అంటే ఒక రకం క్రిప్టో నాణేలు, వస్తాయి. 2023 డిసెంబరులో నెలకు 20 డాలర్ల అన్‌లిమిటెడ్ ప్లాన్‌ను దేశమంతా పెట్టారు.

కేబుల్ ఆపరేటర్: టోకెన్లా? నా బాకీలు రూపాయల్లో ఉన్నాయి సార్.

ఇంజినీరు: మీ అనుమానం సబబే. హీలియం టోకెన్ 2021 నవంబరులో 50 డాలర్లు దాటింది. 2022 చివరికి 2 డాలర్ల దరిదాపులకు పడింది. పెట్టె మాత్రం అదే, దానికయ్యే కరెంటూ అదే. పైగా మన దగ్గర క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను.

వ్యాఖ్యాత: మరి పెట్టె లేని వీధిలో ఫోన్ ఎలా పలుకుతుంది?

ఇంజినీరు: అసలు కిటుకు అక్కడుంది. పెట్టె అందని చోట అక్కడి పెద్ద ఫోన్ కంపెనీ టీ-మొబైల్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది. ఒక గది సొంతం, మిగతా ఇల్లంతా అద్దె అన్నమాట. వెనక ఆ పెద్ద కంపెనీ లేకపోతే ఆ 20 డాలర్ల ప్లానూ వచ్చేది కాదు.

కేబుల్ ఆపరేటర్: కంపెనీ పని జనం చేతికి పంచడమేగా ఇది? ఆ లెక్కన మేం ఎప్పుడో వికేంద్రీకరించాం. స్తంభం నుంచి స్తంభానికి వైరు లాగిందెవరు? కోతి తెంపితే రాత్రి పదింటికి నిచ్చెనేసుకుని ఎక్కేదెవరు?

వ్యాఖ్యాత: ఆ పెట్టె రేపు మీ టీ కొట్టు పైనే పెడితే?

కేబుల్ ఆపరేటర్: కొట్టు మా తమ్ముడిది. పెడతాను గానీ, పర్మిషన్ ఎవరిస్తారు?

ఇంజినీరు: వైఫై వరకైతే దారి ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ‘పీఎం-వాణి’ అనే పబ్లిక్ వైఫై పథకానికి ఓకే చెప్పింది. కొట్టువాడు లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. లాగిన్‌లు, లెక్కలు ఇంకో సంస్థ చూస్తుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కనెక్షన్ ఇచ్చే కంపెనీలు చిన్న కొట్టుకు కూడా ఆఫీసు రేటు అడిగేవి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పగ్గం వేసింది: 200 ఎంబీపీఎస్ వేగం వరకు ఇంటి ప్లాన్‌కు రెట్టింపు మించి వసూలు చేయకూడదు.

టీచరు: బజారు సంగతి సరే సార్. కొండ మీద సవర ఊళ్లో మా పిల్లలుంటారు. ఇళ్లు విసిరేసినట్టుంటాయి. అక్కడ ఈ పెట్టె ఎంతవరకు అందుతుంది?

ఇంజినీరు: గోడలు అడ్డొస్తే ఓ నాలుగిళ్ల దాకా. కిందినుంచి ఇంటర్నెట్ రాకపోతే అదీ లేదు. ఇది ఇరుగుపొరుగు దగ్గరగా ఉన్నచోట పనికొచ్చే తెలివి.

టీచరు: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయి, ఫోన్లన్నీ మూగబోయాయి. మా వీధిలో ఒకాయన ట్రాక్టర్ బ్యాటరీకి చార్జర్ వైర్లు కట్టాడు. వరసలో నిలబడి ఫోన్లు చార్జ్ చేసుకున్నాం. తీరా చూస్తే సిగ్నల్ లేదు! మీ పెట్టె ఉండుంటే ఏమయ్యేది?

ఇంజినీరు: బ్యాటరీ ఉంటే ఆ వీధిలో పెట్టె వెలిగేది మేడమ్. బయటికి వెళ్లే తీగ తెగితే మాత్రం మామూలుగా వచ్చే పెట్టె దేనికీ పనికిరాదు.

కేబుల్ ఆపరేటర్: ఆ తీగ అతికేది మళ్లీ మేమే. ఆ నాలుగు రోజులకు టోకెన్లు ఎవరికిస్తారు సార్, పెట్టె ఉన్నాయనకా, నిచ్చెన ఎక్కినోడికా?

ఇంజినీరు: పెట్టె ఉన్నాయనకే. నిచ్చెనకు వాళ్ల లెక్కలో పద్దు లేదు.

కేబుల్ ఆపరేటర్: అయితే నా రేటు నేనే చెప్తాను. రూపాయల్లో.