జెట్ హోరు ఎక్కడ పుడుతుంది?

హోస్ట్: మేడం, నేరుగా విషయంలోకి వెళ్దాం. విమానం హోరంతా ఇంజన్ లోపల తిరిగే బ్లేడ్లదేనా?

గెస్ట్: కొంత వాటిదే. ఫ్యాన్ గుయ్యిమనే మోత వేరు. టేకాఫ్‌లో వెనక నుంచి గర్జించినట్టు వస్తుందే, దానికి మాత్రం లోహంతో పనే లేదు. ఇంజన్ వెనక మూతి, అంటే నాజిల్ దాటాక గాలి గాలితోనే కలబడి పుట్టించే చప్పుడది.

హోస్ట్: గాలికి గాలి తగిలితే అంత చప్పుడా!

గెస్ట్: వేగం అలాంటిదండీ. బయటి గాలి దాదాపు నిలబడి ఉంటుంది, నాజిల్ నుంచి దూసుకొచ్చే ధార, అంటే జెట్‌ది సెకనుకు వందల మీటర్లు. రెండిటి మధ్య ఉన్న పల్చటి పొరకి నిలకడ ఉండదు. చిన్న అల లేస్తుంది, పెరుగుతుంది, మడతపడి చుట్టుకుంటుంది. నాజిల్ గుండ్రం కాబట్టి ఆ సుడి కూడా వలయమై పోతుంది. అదే వోర్టెక్స్ రింగ్. సిగరెట్ పొగతో వదిలే రింగుల జాతే.

హోస్ట్: దాన్ని ల్యాబ్‌లో చూడొచ్చా?

గెస్ట్: షాక్ ట్యూబ్ చాలు. పొడుగాటి గొట్టం, ఒక పక్క ఎక్కువ ప్రెషర్‌లో గ్యాస్, మధ్యలో అడ్డంగా డయాఫ్రం అనే పల్చటి తెర. అది పగలగానే షాక్ వేవ్, అంటే ప్రెషర్ ఒక్కసారిగా ఎగిరే అల పరుగెత్తి, మూతి దాటి గొడుగులా విచ్చుకుంటుంది. దాని వెనకే మూతి అంచున గాలి చుట్టుకుని రింగ్ కడుతుంది. ష్లీరెన్ అనే పద్ధతిలో తీసిన ఫొటోలో గాలి సాంద్రత తేడాలు నలుపు తెలుపు చారల్లా పడతాయి కదా, అక్కడ చూడాలి అసలు అందం. షాక్ బలంగా ఉంటే రింగ్ లోపల ఇంకో షాక్ నిలబడుతుంది. ముందు వైపున తిరగబడి తిరిగే బుల్లి రింగ్ ఒకటి పుడుతుంది.

హోస్ట్: ఎంత గాలి తోస్తే రింగ్ అంత పెద్దదవుతుందా?

గెస్ట్: అవదు, దానికీ కడుపు నిండుతుంది. 1998లో ఘరీబ్, రంబోద్, షరీఫ్ అనే పరిశోధకులు నీళ్లలో గొట్టం నుంచి పిస్టన్‌తో తోసి చూశారు. పిస్టన్ జరిగిన దూరం గొట్టం వ్యాసానికి సుమారు 4 రెట్లు అయ్యేదాకానే రింగ్ బలం పుంజుకుంటుంది. ఆపైన తోసిందంతా వెనక తోకలా సాగుతుంది. షాక్‌లున్న జెట్‌కి ఆ 4 ని గుడ్డిగా వాడకండి, అంతే.

హోస్ట్: మరి చప్పుడు చేసేది ఆ రింగేనా?

గెస్ట్: తన దారిన తాను పోయే రింగ్ పెద్దగా చప్పుడు చెయ్యదు. దాని ఆకారం, వేగం చప్పున మారితేనే గోల. వెనకొచ్చే రింగ్ ముందుదాన్లోకి దూరి కలిసిపోతుంది, లేదా వెనక తోకలా సాగే జెట్‌లోని షాక్ వచ్చి రింగ్‌కి తగులుతుంది, లేదా రింగే ముక్కలవుతుంది. అప్పుడు ప్రెషర్ తరంగం బయటికి విడుదలవుతుంది. ఇంజన్ జెట్‌లో రింగులు ఇంత చక్కగా ఉండవు, త్వరగానే చిందరవందరైపోతాయి. అయినా పెద్ద సుడుల వరస మిగిలే ఉంటుందని 1971లో క్రో, షాంపేన్ అనే పరిశోధకులు చూపించారు.

హోస్ట్: వేగం పెరిగితే చప్పుడు ఎంత పెరుగుతుంది?

గెస్ట్: 1952లో లైట్‌హిల్ అనే శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. ధ్వని వేగం దాటని జెట్‌కి, శబ్దశక్తి జెట్ వేగం 8వ ఘాతంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శబ్దశక్తి 256 రెట్లు, అంటే 24 డెసిబెల్స్. ఇదే తిరగేస్తే ఇంజన్ డిజైనర్ల పంట పండింది. వేగం సగం చేసి, నాజిల్ వైశాల్యం 4 రెట్లు చేస్తే థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకి తోసే బలం అంతే ఉంటుంది, చప్పుడు మాత్రం 64వ వంతుకి పడిపోతుంది. ఇవాళ్టి ప్రయాణికుల విమానాలకి అంత లావు ఇంజన్లు ఉండడానికి ఇంధనం ఆదాతో పాటు ఇదీ కారణం.

హోస్ట్: జెట్ ధ్వని వేగం దాటితే, అంటే సూపర్‌సోనిక్ అయితే?

గెస్ట్: అక్కడ కథే మారిపోతుంది. జెట్ ప్రెషర్ బయటి ప్రెషర్‌తో సరిపడకపోతే లోపల షాక్‌లు డైమండ్ల వరసలా నిలబడతాయి. సుడులు వాటి మీదుగా పోతూ చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడు వెనక్కి నడిచి నాజిల్ అంచుని తట్టి కొత్త సుడిని లేపుతుంది. ఈ చక్రమే స్క్రీచ్, చెవులు చిల్లులు పడే ఒకే స్వరం. 1953లో పావెల్ అనే పరిశోధకుడు దీన్ని విడమరిచి చెప్పాడు.

హోస్ట్: ఆపడానికి దారుందా?

గెస్ట్: అంచుని చెడగొట్టడమే! నాజిల్ పెదవి మీద చిన్న ట్యాబ్ పెట్టినా స్క్రీచ్ తగ్గిపోవచ్చు. బోయింగ్ 787 ఇంజన్ వెనక రంపం పళ్లు చూశారా, షెవ్రాన్లు? మామూలు జెట్ హోరు మీద అవీ అలాంటి పనే చేస్తాయి. పెద్ద సుడి కట్టేలోపే పొడుగాటి సన్న సుడులు పుట్టించి గాలిని త్వరగా కలిపేస్తాయి. మందర స్వరపు హోరు తగ్గుతుంది, కీచు కాస్త పెరుగుతుంది, థ్రస్ట్ కూడా కొద్దిగా పోతుంది. పళ్లు ఎంత లోపలికి వంచాలన్నదాని మీదే బేరమంతా.