సముద్రాన్ని టైం అడగండి

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెటూళ్ళో నాలుగు రోజులు ఉండి వచ్చానని చెబితే ఇక్కడ అందరూ ఒకటే ప్రశ్న అడిగారు. "అంత చిన్న ఊళ్ళో నాలుగు రోజులు ఏం చేశారండీ?" అని. నిజానికి బయల్దేరే ముందు ఈ ప్రశ్న నేనే మా అమ్మాయిని అడిగాను. మాది చీరాల. సైకిలెక్కితే ఓడరేవు బీచి. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం చూస్తున్నవాణ్ణి. "సముద్రం చూడ్డానికి అంత దూరం రావాలా అమ్మా?" అన్నాను. "వచ్చి చూడు నాన్నా, ఆ సముద్రం వేరు" అంది.

ఊరి పేరు రాబిన్‌హుడ్స్ బే. ఉత్తర యార్క్‌షైర్‌లో, విట్బీ అనే రేవు పట్నానికి పది కిలోమీటర్ల దక్షిణాన ఉంది. రాబిన్‌హుడ్‌కీ ఈ ఊరికీ ఏం సంబంధమో ఎవరూ తేల్చలేదు, ఊళ్ళో వాళ్ళకీ దాని గురించి పెద్ద బెంగ లేదు. వాళ్ళు పొట్టిగా "బే" అంటారు. లీడ్స్‌లో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేళ్ళ మనవడు, నేను కార్లో వెళ్ళాం. దారిలో మూర్స్ అనే బీడు కొండలు వస్తాయి. ఆగస్టు నెల కావడంతో హెదర్ అనే పొదలు పూసి, కొండలకి కొండలే వంకాయ రంగులో ఉన్నాయి. అది చూడ్డానికైనా ఆగస్టులో వెళ్ళమంటాను.

కారు ఊరి పైన పెట్టేయాలి. కింద పాత ఊళ్ళోకి నడిచే దిగాలి. ఒకటే వీధి. మేడ మీంచి మెట్లు దిగుతున్నట్టు సముద్రంలోకి దిగిపోతుంది. దానికి అటూ ఇటూ ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తిగిలాల్సిన సందులు, ఎర్ర పెంకుల ఇళ్ళు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ పన్ను ఎగ్గొట్టే దొంగసరుకు వ్యాపారం జోరుగా సాగేది. టీ, బ్రాందీ, పొగాకు, పట్టు అన్నీ వచ్చేవి. పట్టు తాను ఒడ్డున దిగితే పగటి వెలుగు చూడకుండా, ఇంట్లోంచి ఇంట్లోకి మారుతూ ఊరి పైదాకా చేరేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సందులు చూశాక నమ్మబుద్ధేసింది.

మా అల్లుడు దిగేటప్పుడే అన్నాడు, "మావయ్యగారూ, దిగడం సరదాగానే ఉంటుంది, సాయంత్రం ఎక్కేటప్పుడు మాట్లాడుకుందాం" అని. నిజమే. మోకాళ్ళు నొప్పులున్న వాళ్ళు ఊరి పైభాగంలోనే గది తీసుకోండి.

ఈ వీధి గురించి ఒక కథ చెప్పాలి. ఇవాళ ఇంకేం చెప్పలేకపోయినా ఇది చెప్పాలనే వచ్చాను. ఊరికి వచ్చే దారిలో ఒక స్మారక ఫలకం ఉంది. కార్లో వెళ్తే కనపడకుండా దాటిపోతుంది. మర్నాడు నడకకి వెళ్ళినప్పుడు ఆగి చదివాను.

1881 జనవరి. ఈశాన్యపు గాలి, మంచు తుపాను. విజిటర్ అనే రెండు తెరచాప కొయ్యల ఓడ ఈ అఖాతంలోకి కొట్టుకొచ్చి రాళ్ళ మీద చిక్కుకుంది. మనుషులు కళ్ళెదురుగానే ఉన్నారు. ఊరి పడవ ఒక్కటి కూడా ఆ అలల్లో దిగే పరిస్థితి లేదు. విట్బీకి టెలిగ్రాం వెళ్ళింది. విట్బీలో లైఫ్‌బోట్, అంటే సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే పడవ ఉంది, కానీ సముద్రం మీదుగా రావడం కుదరని పని. అప్పుడు వాళ్ళేం చేశారో చూడండి. పడవని రోడ్డు మీద తెచ్చారు. అవునండీ, రోడ్డు మీద! చక్రాల బండికెత్తి, పద్దెనిమిది గుర్రాలు కట్టి, కొండెక్కించారు. ఆరు మైళ్ళ దారి, ఐదువందల అడుగుల ఎత్తు దాకా ఎక్కాలి. దారిలో కొన్నిచోట్ల ఏడడుగుల లోతు మంచు పేరుకుపోయి ఉంది. రెండు వందల మంది ముందు నడుస్తూ పారలతో మంచు తవ్వి దారి చేశారు. ఇటు నుంచి బే జనం కూడా తవ్వుకుంటూ ఎదురు వెళ్ళారు. పెళ్ళివారికి ఎదురువెళ్ళినట్టు పడవకి ఎదురెళ్ళారన్నమాట.

ఊరి మొదటికి చేరారు. ఇక ఈ వీధి. ఎక్కేటప్పుడు బండిని లాగడం కష్టం, దిగేటప్పుడు ఆపడం కష్టం. పైగా మలుపుల్లో పడవ పట్టదు. పట్టకపోతే? తోటల గోడలు పడగొట్టారు. పొదలు పీకేశారు. ఎవరి గోడ, ఎవరి తోట అని ఎవరూ అడిగినట్టు లేదు. విట్బీలో బయల్దేరిన రెండు గంటలకి పడవ నీళ్ళలో దిగింది. రెండే గంటలు! మొదటిసారి సముద్రం వాళ్ళని వెనక్కి తిప్పికొట్టింది. రెండోసారి వెళ్ళి ఓడ వాళ్ళని బతికించి తెచ్చారు.

ఆ పడవ నడిపిన మనిషి హెన్రీ ఫ్రీమన్. ఇరవై ఏళ్ళ ముందు, 1861లో, విట్బీ లైఫ్‌బోట్ ఒకటి బోల్తా పడి పదమూడు మందిలో పన్నెండు మంది పోయారు. మిగిలిన ఒక్కడు ఈయనే. అప్పుడే కొత్తగా వచ్చిన, మనిషిని నీళ్ళలో తేల్చే బెండు కోటు ఆ రోజు తొడుక్కున్నది ఈయనొక్కడే. అలా బతికి బయటపడ్డవాడు ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో తుపానులోకి పడవ దించాడు.

ఇప్పుడు ఆ వీధిలో మనుషులు ఐస్‌క్రీం చేత్తో పట్టుకుని దిగుతుంటారు. నేనూ అలాగే దిగాను. కానీ కథ తెలిశాక ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇక్కడ పడవ ఎలా తిప్పారబ్బా అని చూసేవాణ్ణి. మా మనవడు చేతులు చాచి సందు వెడల్పు కొలిచేవాడు. ఒక సెలవురోజుకి ఆ పని చాలదూ!

సరే, వీధి చివర సముద్రం. మొదటి రోజు సాయంత్రం వెళ్ళేసరికి ఇసుకే లేదు, అలలు గోడని కొడుతున్నాయి. మర్నాడు పొద్దున వెళ్తే సముద్రమే లేదు! ఎక్కడో దూరంగా తెల్లటి గీతలాగా కనబడుతోంది. మధ్యలో అంతా నల్లటి రాతి అరుగులు, వరసలు వరసలుగా, కొడవలి వంపుతో. వీటిని అక్కడ స్కార్లు అంటారు.

మా అమ్మాయి వేరే సముద్రం అన్నది దీని గురించే. మన విశాఖలోనో చీరాలలోనో సముద్రం ఒడ్డుకెక్కే పోటుకీ, వెనక్కి తగ్గే పాటుకీ మధ్య తేడా మీటరు, ఒకటిన్నర మీటరు. మన బెస్తవాళ్ళకి తప్ప ఒడ్డున షికారు చేసేవాళ్ళకి అది పట్టదు. అక్కడ అమావాస్యకీ పున్నానికీ ఆ తేడా ఐదు మీటర్ల దాకా పోతుంది. అంటే ఒక మేడంత నీరు ఆరు గంటలకోసారి వస్తుంది, పోతుంది. అందుకని అక్కడ ఏ పనికైనా ముందు సముద్రాన్ని టైం అడగాలి. ఈ మాట మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి.

పాటు వేళ ఆ రాతి అరుగుల మీద చెయ్యాల్సిన పని నీటి గుంటల్లోకి తొంగి చూడ్డం. గొంతుక్కూచుని, మన నీడ నీళ్ళ మీద పడకుండా, రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. ముందు ఏమీ ఉండదు. తర్వాత గవ్వ అనుకున్నది నడుస్తుంది. లోపల పీత కాపురం ఉంటుంది. ఎర్ర జెల్లీ ముద్దలా ఉన్నది రేకులు విప్పుతుంది. అది పువ్వులా కనిపించే జంతువు. రాయి ఎత్తి చూస్తే మళ్ళీ ఎలా ఉన్నది అలాగే పెట్టాలి, దాని కింద ఒకళ్ళ ఇల్లుంది కదా. నాచు మీద మాత్రం జారతారు. చెప్పులు పనికిరావు, పాత బూట్లు వేసుకోండి.

ఇంకో పని, రాళ్ళలో రాళ్ళు వెతకడం. ఆ అరుగులు సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బురద. అందులో ఆమొనైట్లు దొరుకుతాయి, చుట్ట చుట్టుకున్న గుల్లల శిలాజాలు. మా వాడికి రూపాయి బిళ్ళంతది ఒకటి దొరికింది. చేతిలో పెట్టుకుని చూస్తే నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా ఇంట్లో దేవుడి మందసంలో ఉన్న సాలగ్రామం మీది చక్రమే! గండకీ నదిలో దొరికే మన సాలగ్రామాలూ ఇవీ ఒక జాతి ప్రాణులే. మనవాళ్ళు అందులో విష్ణుచక్రాన్ని చూశారు. విట్బీ వాళ్ళు పాముని చూశారు. హిల్డా అనే క్రైస్తవ సన్యాసిని పాములన్నిటినీ రాళ్ళు చేసిందని అక్కడి కథ. పాముకి తల ఏదీ అని ఎవరైనా అడుగుతారని, వెనకటి రోజుల్లో రాయికి పాము తల చెక్కి మరీ అమ్మేవారట! మీరు వెళ్తే విడిగా రాలి పడ్డవే ఏరుకోండి. కొండని సుత్తితో కొట్టకూడదు, దాని కింద కూర్చోనూ కూడదు. ఆ కొండ చరియలు విరిగి పడుతుంటాయి.

అఖాతానికి దక్షిణపు కొసన రేవెన్స్‌కార్ దగ్గర ఆ రాతి పొరల్నే కాల్చి, మనుషుల మూత్రం కలిపి పటిక తీసేవాళ్ళు. రెండు వందల ఏళ్ళు సాగింది ఆ పరిశ్రమ. చీరాల వాణ్ణి, నూలుకి రంగు నిలవాలంటే పటిక ఎందుకో నాకొకరు చెప్పక్కర్లేదు. ఆ శిథిలాల దగ్గర చాలాసేపు తిరిగాను. కానీ ఆ కథ మొదలుపెడితే ఈ స్టూడియో గడియారం ఊరుకోదు.

మూడో రోజు జరిగింది చెబుతాను. ఒడ్డు వెంట కిలోమీటరు లోపే బాగల్ హోల్ అనే చోటు ఉంది. బాగల్ అంటే ఆ వైపు మాటల్లో బూచాడు. బూచాడి బొరియ అనుకోండి. చిన్న వాగు సముద్రంలో కలిసే చోట పాత మరమిల్లు, ఇప్పుడది యాత్రికులు బసచేసే హాస్టలు. పాటు వేళ నడిచి వెళ్ళి, టీ తాగి, అదే దారిన రావచ్చు. కొట్లో పోటు వేళల పుస్తకం కొన్నాను. అక్కడ వేసవిలో గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, పోటు పట్టికలు కొన్ని పాత టైములోనే వేస్తారు, గంట కలుపుకోవాలి అని ఎక్కడో విన్నాను. తగుదునమ్మా అని గంట కలిపాను. పాటు పదకొండున్నరకి అని ఉంటే పన్నెండున్నర అనుకున్నాను. ఆ పుస్తకంలో గంట ముందే కలిపి వేశారు. అది అట్ట లోపల చిన్న అక్షరాల్లో ఉంది. నేను కళ్ళజోడు పెట్టుకోలేదు.

టీ తాగి, కేకు తిని, రెండు గంటలకి తీరిగ్గా బయల్దేరాం. నా లెక్కలో పాటు తిరిగి గంటన్నర. సముద్రం లెక్కలో రెండున్నర. నీరు తిరిగాక మొదట నెమ్మదిగా వస్తుంది, మూడో గంటా నాలుగో గంటా వచ్చేసరికి వేగం అందుకుంటుంది. వెళ్ళేటప్పుడు నడిచిన అరుగులు కనబడలేదు. ముందు కొండ మలుపు దగ్గర అల వచ్చి రాళ్ళని తాకి పోతోంది. "పరిగెడితే దాటేస్తాం" అన్నాన్నేను. కుక్కని తిప్పుతున్న ఒకావిడ దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపి, వెనకనున్న మెట్లు చూపించింది. మా అమ్మాయి ఒక్క మాటన్నది, "నాన్నా, మెట్లు." ఆ గొంతు విని ఇక వాదించలేదు.

మెట్లెక్కి కొండ మీది కాలిబాటన తిరిగొచ్చాం. పైనుంచి చూస్తే మేం నడవాల్సిన దారంతా నీళ్ళే.

ఆ సాయంత్రం ఇంకెక్కడికీ వెళ్ళలేదు. వీధి చివర కూర్చుని చేపలు, బంగాళాదుంప వేపుడు తిన్నాం, వెనిగర్ చల్లుకుని. సీగల్ ఒకటి నా చేతిలో ముక్కే ఎత్తుకుపోయింది. మన కాకులే నయం, కనీసం మొహమాటపడతాయి. ఇంగ్లండుని పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా అడ్డంగా నడిచి వచ్చేవాళ్ళు అక్కడే ప్రయాణం ముగిస్తారు. సుమారు మూడు వందల కిలోమీటర్ల దారి. అవతలి ఒడ్డున బూట్లు తడుపుకుని బయల్దేరి, ఇక్కడ మళ్ళీ తడుపుతారు. అక్కణ్ణుంచి జేబులో తెచ్చిన గులకరాయి ఇక్కడ నీళ్ళలో వేస్తారు. ఎవరెవరో మనుషులు కుంటుకుంటూ వచ్చి, నీళ్ళలో నిలబడి ఏడుస్తుంటే చప్పట్లు కొడుతూ కూచున్నాం. దీనికి టిక్కెట్టు లేదు.

మీ పిల్లలెవరైనా ఆ దేశంలో ఉండి మిమ్మల్ని అలాంటి ఒడ్డుకి తీసుకెళ్తే, గది తాళం చేతికి రాగానే పోటు వేళల పుస్తకం కొనండి. కొట్టతన్ని అడగండి, ఇందులో వేసవి గంట కలిపారా లేదా అని. సిగ్గుపడకండి, రోజూ అందరూ అడిగేదే. పాటుకి గంట ముందు బయల్దేరండి, పాటు సమయానికల్లా వెనక్కి తిరగండి. పాటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైం ఇవాళ చెల్లదు. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

మా మనవడు ఇప్పుడు సముద్రానికి వంద కిలోమీటర్ల అవతల లీడ్స్‌లో ఉన్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే మొదటి మాట, "తాతయ్యా, బే‌లో ఇవాళ పాటు నాలుగుంపావుకి. గంట కలిపే చెబుతున్నాను, నువ్వు మళ్ళీ కలపకు."

సెలవు. నమస్కారం.