ఇంటి పన్ను చెక్కు వాపసు వస్తే ఎంత వసూలు చేయాలి?

కాలనీ సంఘాల పెద్దలకు, వర్తక సంఘం మిత్రులకు, మున్సిపల్ సిబ్బందికి నమస్కారం.

ఇంటి పన్నుకు ఇచ్చిన చెక్కు వాపసు వస్తే బ్యాంకు ఏదో చార్జీ వేసిందిలే అని చాలామంది ఊరుకుంటారు. ఆ ఒక్క చెక్కు మీద డబ్బు నాలుగు దారుల్లో పోతుంది. మీ బ్యాంకు మీ ఖాతాలో రిటర్న్ చార్జీ కోస్తుంది. చెక్కు జమ చేసినందుకు మున్సిపాలిటీ బ్యాంకు మున్సిపాలిటీ ఖాతాలోనూ కోస్తుంది, అది తిరిగి మీ మీదే పడుతుంది. బ్యాంకు చార్జీలకు 18 శాతం జీఎస్టీ అదనం. పన్ను కట్టనట్టే లెక్క కాబట్టి గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ నడుస్తుంది. ఏప్రిల్ నెలైతే ముందుగా కట్టినవారికిచ్చే 5 శాతం రాయితీ కూడా పోతుంది.

నల్లగొండలో ఒక ఇంటికి ఏడాది పన్ను 8,000 రూపాయలనుకుందాం. రాయితీ 400 తీసేసి ఏప్రిల్ 29న 7,600కు చెక్కు ఇచ్చారు, మే మొదట్లో వాపసు వచ్చింది. మీ బ్యాంకు 500, జీఎస్టీ 90. మున్సిపాలిటీ బ్యాంకు 150, జీఎస్టీ 27. పోయిన రాయితీ 400. మొత్తం 1,167 రూపాయలు. చార్జీలు లెక్క కోసం అనుకున్నవే, మీ బ్యాంకు రేటు వేరుగా ఉండొచ్చు. ఇందులో మున్సిపాలిటీకి నిజంగా చేతి నుంచి పోయింది 177. మన వాదన ఇంతే: మున్సిపాలిటీ వేసే చెక్కు వాపసు రుసుము ఆ 177 దగ్గర, మహా అయితే నోటీసు తపాలా ఖర్చు కలిపి, ఆగాలి. ఆలస్యానికి వడ్డీ ఉండనే ఉంది. అదే తప్పుకు రుసుము రూపంలో రెండో జరిమానా వేయడం అన్యాయం.

న్యూజిలాండ్‌లో స్థానిక మండళ్లకు ఈ హద్దును చట్టమే గీసింది. 2002 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం 150వ సెక్షన్ కింద పెట్టే రుసుము, ఆ పనికైన సహేతుకమైన ఖర్చును మించకూడదు. ఇక్కడ మనకు రాజ్యాంగం 265వ అధికరణం ఉంది, చట్టం అధికారం లేనిదే ఏ పన్నూ వేయరాదు. కాబట్టి కౌంటర్లో ఎవరైనా వెయ్యి కట్టమంటే ఏ తీర్మానం ప్రకారమో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక చెక్కు ఎందుకు వాపసు వస్తుందో చూద్దాం, ఎందుకంటే రుసుము ఎవరు భరించాలన్నది కారణాన్ని బట్టే తేలుతుంది. ఖాతాలో డబ్బు చాలకపోవడం, సంతకం కలవకపోవడం, అంకెలూ అక్షరాలూ తేడా రావడం, 3 నెలలు దాటిన తేదీ, ఇవన్నీ ఇచ్చినవారి బాధ్యతే. పేరు లేదా మొత్తం కొట్టేసి తిరగరాస్తే పక్కన సంతకం పెట్టినా పనికిరాదు, కొత్త చెక్కు రాయాల్సిందే. మన జిల్లాల్లో బ్యాంకుల విలీనం చిక్కు కూడా ఉంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. బీరువాలో ఉన్న పాత చెక్కుబుక్కు తీసి రాసే ముందు శాఖలో ఒక్కమాట అడగండి.

స్కానింగ్ మసకగా రావడం లాంటి సాంకేతిక లోపాలు మీ తప్పు కాదు. ఖాతాదారు తప్పున్నప్పుడే రిటర్న్ చార్జీ వేయాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అందుకే ముందు రిటర్న్ మెమో నకలు తీసుకోండి, కారణం అందులో ఉంటుంది. అది లేకుండా రుసుము కట్టొద్దు. మీ బ్యాంకు తప్పుగా కోస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దాకా వెళ్లొచ్చు.

యూపీఐ సంగతి వేరు. ఖాతాలో డబ్బు కట్టయి రసీదు రాకపోతే అది చెక్కు బౌన్స్‌తో సమానం కాదు, దానికి రుసుము అడిగే ఆధారమే లేదు. డబ్బు 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారమివ్వాలని 2019 నుంచి నిబంధన. లావాదేవీ నంబరు రాసిపెట్టుకోండి. గడువు రోజే కంగారుపడి రెండుసార్లు కట్టకుండా రెండు రోజుల ముందే కట్టండి.

సిబ్బందికి ఒక విన్నపం. చెక్కులు కట్టగట్టి వారానికోసారి బ్యాంకుకు పంపొద్దు. 2025 అక్టోబర్ 4 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. నిర్ణీత వేళలోగా క్లియరింగ్‌కు వెళ్లిన చెక్కు సంగతి చెల్లించే బ్యాంకు ఆ రాత్రి 7 లోగా తేల్చాలి. మీరు ఏప్రిల్ 29న పంపితే లోపం ఆ రాత్రికే తెలుస్తుంది. ఫోన్ చేస్తే చెక్కు ఇచ్చినవారు 30న నగదు కట్టి 400 రాయితీ కాపాడుకుంటారు. మీ బల్లమీద వారం పడున్న చెక్కుకు ఆ నష్టం పన్ను కట్టేవారి మీద పడటం న్యాయం కాదు.

డబ్బు లేక వాపసు వచ్చిన చెక్కు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరం కూడా. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో మున్సిపాలిటీ నోటీసు పంపాలి, అది అందిన తర్వాత మీకు 15 రోజుల వ్యవధి ఉంటుంది. ఆలోగా కట్టేస్తే కేసు ఉండదు. నోటీసు వచ్చినప్పుడు తపాలా కవరు పారేయకండి, అందిన తేదీకి అదే రుజువు. కట్టేటప్పుడు పన్ను, వడ్డీ, చెక్కు వాపసు రుసుము మూడూ విడివిడిగా రాసిన రసీదు అడగండి. మొత్తం ఒకే అంకెగా రాస్తే తర్వాత ఎక్కడ ఎక్కువ పడిందో తేల్చలేరు. కౌంటర్లో ఇవ్వకపోతే కమిషనర్‌కు రాసివ్వండి, అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది.