నీడను కౌగిలించుకోవాల్సిన చోట

(హైదరాబాద్‌లో పాఠకులు, యానిమేషన్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో యానిమేషన్ నేర్చుకుంటున్న విద్యార్థులు కూర్చున్నారు. వెనక నాకు చాలాకాలంగా తెలిసిన పాఠక మిత్రులున్నారు. మామూలుగా ఈ రెండు గుంపులూ ఒక హాల్లో కలవవు. చదివినవాళ్లు "పుస్తకాన్ని పాడుచేశారు" అంటారు. గీసేవాళ్లు "మా కష్టం వీళ్లకేం తెలుసు" అంటారు. నేను రెండు వైపులా ఉన్న మనిషిని. పదకొండేళ్లు ఈ ఊళ్లోనే స్టూడియోల్లో లైట్ బాక్స్ ముందు కూర్చుని ఇన్‌బిట్వీన్లు, అంటే ఒక కదలికలో మొదటి బొమ్మకీ చివరి బొమ్మకీ మధ్య వచ్చే బొమ్మలు గీశాను. దానికంటే ముందునుంచే ఎర్త్‌సీ అనే మాంత్రికుల దీవుల లోకం గురించిన పుస్తకాలు చదువుతున్నాను. ఆ పుస్తకాల మీద వచ్చిన యానిమేషన్ సినిమా నన్ను ఎందుకంత బాధపెట్టిందో ఈ సాయంత్రం చెప్పాలనుకుంటున్నాను.

ఉర్సులా లె గ్విన్ రాసిన మొదటి ఎర్త్‌సీ నవల 1968లో వచ్చింది. నాకది అబిడ్స్‌లో దొరికింది. ఆదివారం షాపులు మూసేశాక ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, ఇంజినీరింగ్ గైడ్ల కింద ఉంది. అట్ట సగం చిరిగింది. పదిహేను రూపాయలు ఇచ్చాను. కోఠీలో బస్సెక్కి చదవడం మొదలుపెట్టి, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

చదవనివాళ్ల కోసం కథ కొంచెం చెబుతాను. గాంట్ అనే కొండల దీవిలో మేకలు కాసే కుర్రాడు గెడ్. తల్లి లేదు. తల్లి తోబుట్టువు ఒకావిడ ఊళ్లో చిన్నాచితకా మంత్రాలు వేస్తుంటుంది. వాడికి మొదట మంత్రం నేర్పింది ఆవిడే. ఆ లోకంలో మంత్రమంటే పేరు. ప్రతి వస్తువుకీ, ప్రతి ప్రాణికీ ఒక నిజమైన పేరుంటుంది, ఆ పేరు తెలిసినవాడికి దానిమీద పట్టు దొరుకుతుంది. అందుకే అక్కడి మనుషులు అసలు పేరు దాచుకుని పిలుపు పేరుతో బతుకుతారు. అసలు పేరు చెప్పడమంటే ప్రాణం చేతిలో పెట్టడమే.

ఇది నాకు పరాయి సంగతిలా అనిపించలేదు. మా నాయనమ్మ రాత్రిపూట పామును పాము అనేది కాదు, పురుగు అనేది. పేరు పలికితే వచ్చేస్తుందని భయం. తాతయ్య పేరు ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు. ఎక్కడో అమెరికాలో కూర్చున్న రచయిత్రి మా నాయనమ్మ మనసు చదివినట్టు రాసింది. ఇంకో సంగతి కూడా ఉంది. గెడ్ రంగు ఎరుపు కలిసిన గోధుమరంగు. ప్రాణమిత్రుడు వెచ్ ఇంకా నలుపు. నేను అప్పటిదాకా చదివిన ఇంగ్లీష్ మాంత్రికుల కథల్లో నా రంగున్న హీరో లేడు. లె గ్విన్ కావాలనే అలా రాసింది. 2004లో అమెరికా టీవీలో ఈ కథను నటులతో తీసినప్పుడు గెడ్‌ని తెల్లవాడిని చేస్తే, ఆమె ఊరుకోలేదు, పత్రికలో గట్టిగా రాసింది.

గెడ్ రోక్ దీవిలో మంత్రవిద్య నేర్చుకుంటూ, తోటి విద్యార్థి మీద పంతం కొద్దీ చచ్చిపోయిన ఒక స్త్రీ ఆత్మను పిలుస్తాడు. లోకంలో చిల్లు పడుతుంది. అందులోంచి ఒక నీడ దూకి వాడి ముఖం చీరేస్తుంది. ఆ చిల్లు మూయడానికి పెద్ద గురువు తన ప్రాణమే ఇచ్చేస్తాడు. ఆ తర్వాత సగం పుస్తకం నీడ వాడిని తరుముతుంది. చివర్లో వాడు వెనక్కి తిరిగి నీడనే తరుముతాడు. సముద్రం అంచుల్లో, ఇక దీవులే లేని చోట, ఇద్దరూ ఎదురుపడతారు. వాడు నీడను పేరు పెట్టి పిలుస్తాడు. అదే క్షణంలో నీడ కూడా పిలుస్తుంది. రెండు నోళ్లలోనూ వచ్చింది ఒకటే పేరు: గెడ్. చేతులు చాచి దాన్ని కౌగిలించుకుంటాడు. గెలవలేదు, ఓడలేదు. ముక్కలైనవాడు ఒక్కడయ్యాడు.

ఇరవై ఏళ్ల వయసులో నాలో నాకు నచ్చనివి చాలా ఉండేవి. కోపం, అసూయ, ఇంట్లోవాళ్లతో అన్న మాటలు. ఆ పేజీ చదివాక పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. శత్రువును చంపడం గురించిన కథలు మనకు వేలున్నాయి. శత్రువు మీద నీ పేరే రాసుందని చెప్పిన కథ నాకు అదే మొదటిది.

ఇక సినిమా. ఎర్త్‌సీని యానిమేషన్‌గా తీస్తానని జపాన్ దర్శకుడు హయావో మియాజాకి 1980ల మొదట్లోనే అడిగారు. ఆయన పని అప్పటికి లె గ్విన్‌కి తెలియదు, కాదంది. చాలా ఏళ్ల తర్వాత ఆయన సినిమా ఒకటి చూసి, తీస్తే ఈయనే తీయాలనుకుంది. ఆమె సరేననేసరికి ఆయన వేరే సినిమా పనిలో ఉన్నారు. ఆయన యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ ఆ బాధ్యత ఆయన కొడుకు గోరో మియాజాకికి ఇచ్చింది. గోరో అంతకుముందు ఒక్క సినిమా కూడా తీయలేదు. తోటలు, ఆవరణలు డిజైన్ చేసేవారు, జిబ్లీ మ్యూజియం పని చూశారు. సినిమా 2006 జులైలో జపాన్‌లో విడుదలైంది. ఇందాక చెప్పిన 2004 టీవీ కథ హక్కుల చిక్కు వల్ల అమెరికాలో 2010 దాకా రాలేదు.

మేం ఏడుగురం నల్లకుంటలో ఒక మిత్రుడి గదిలో, కంప్యూటర్ ముందు చాప పరుచుకుని చూశాం. నలుగురు స్టూడియోవాళ్లు, ముగ్గురు కేవలం పాఠకులు. ఎర్త్‌సీకి జిబ్లీ! ఆ పేరు తెరమీద పడగానే ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. రెండు గంటలైంది. ఎవరూ ఏమీ అనలేదు. కిందకి దిగి ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే ఆ అమ్మాయే అడిగింది: "వాడు వాళ్ల నాన్నను ఎందుకు చంపాడు?"

సినిమా మొదట్లోనే యువరాజు అరెన్ తండ్రిని కత్తితో పొడుస్తాడు. పుస్తకంలో ఇది లేదు. మూడో నవలలో తండ్రే అరెన్‌ని రోక్‌కి పంపుతాడు, మంత్రాల బలం తగ్గిపోతోందన్న కబురు చెప్పి రమ్మని. సినిమాలో ఆ హత్యకు కారణం చివరిదాకా సరిగా దొరకదు. ఒంట్లో ఏదో చీకటి ఉందంటారు, అంతే. మూడో, నాలుగో నవలల ముక్కలు కలిపి కథ అల్లారు. జపనీస్ పేరులో గెడ్ పేరే ఉంది, కానీ గెడ్ పక్క పాత్ర. నాలుగో నవలలో థెర్రూ అనే పిల్లను మనుషులే నిప్పుల్లో పడేశారు. ముఖం ఒక పక్క, ఒక కన్ను, ఒక చెయ్యి పోయాయి. ఆ పిల్లను చూడటానికి ఊరివాళ్లు ఎలా తడబడతారన్నదే ఆ నవలకు గుండెకాయ. సినిమాలో థెర్రూకి ముఖం మీద ఒక మచ్చ. రెండు కళ్లూ ఉన్నాయి.

ఇవన్నీ నేను ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది ఒక్కటే. మూడో నవలలో కాబ్ అనే మాంత్రికుడు చావంటే భయపడి, బతుకుకీ చావుకీ మధ్య తలుపు తెరుస్తాడు. ఆ తలుపు మూయడానికి గెడ్ తనలోని మంత్రశక్తినంతా ఖర్చుపెట్టేస్తాడు. ఒక్క చుక్క మిగలదు, మళ్లీ జన్మలో మంత్రం వేయలేడు. సినిమాలో కాబ్ మామూలు విలన్. కోటలో ఉంటాడు, కుట్రలు చేస్తాడు, చివరికి డ్రాగన్ నిప్పుకి కాలిపోతాడు. చెడు అంతా వాడిలో పోసి, వాడిని కాల్చి, అందరూ ఇంటికి వెళ్లిపోయారు. నీడ సినిమాలోనూ ఉంది, కాకపోతే గెడ్‌ది కాదు, అరెన్‌ది. కానీ అదేమిటో, దాని అర్థమేమిటో పాత్రలే మాటల్లో చెప్పేస్తాయి. లోపలి చీకటిని పేరు పెట్టి పిలిచి దగ్గరకు తీసుకున్న కథను, బయటి చెడ్డవాడిని చంపే కథ చేశారు.

సినిమా చూశాక లె గ్విన్ గోరోతో ఇది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా అంది. ఆ మాట బయటికి వచ్చాక, అభిమానులకు వివరంగా చెప్పాల్సి వచ్చి తన అభిప్రాయం రాసింది. అందులో పొగడ్త కూడా ఉంది. పొలం దున్నడం, నీళ్లు తోడటం, పశువుల్ని కట్టేయడం, ఆ నిదానం ఆమెకు నచ్చాయి. నాకూ నచ్చాయి. తోటల మనిషి గీయించిన నేల అది, మట్టి వాసన తెలుస్తుంది. కానీ తొందరగా తీసిన సినిమాలో చాలాచోట్ల పని కుదించారని, హింస ఎక్కువైందని, చెడును ఒక విలన్‌లో పెట్టి చంపేస్తే సమస్య తీరిపోయినట్టు చూపారని రాసింది. అభిమానులు చాయ్ హోటల్లో చెప్పలేక తడుముకున్న మాట అదే.

"అభిమానులు దేనికీ తృప్తిపడరు, ఒక్క అక్షరం మార్చినా గొడవే" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. మార్పుకి మనకంటే అలవాటు పడ్డవాళ్లెవరు? 1957 నాటి మాయాబజార్ కథ వ్యాసభారతంలో లేదు. శశిరేఖ పెళ్లికి ఘటోత్కచుడు చేసిన హడావిడి అంతా మనవాళ్ల కల్పనే. ఎవరైనా కోపపడ్డారా? తిక్కన గారు భగవద్గీత మొత్తాన్ని కొద్ది పద్యాల్లో ముగించి యుద్ధంలోకి వెళ్లిపోయారు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు వచ్చి బూతులాడుకుని పోతారు. వాల్మీకికి వీళ్లు తెలియనే తెలియదు. జనం వాళ్ల కోసమే తెల్లవార్లూ మేలుకునేవారు. ఎందుకంటే ఆ మార్పులన్నిటిలో రాముడు రాముడే. మాయాబజార్‌లో కృష్ణుడి మాయ కృష్ణుడిదే. కొమ్మలు ఎంత వంచినా వేరు జోలికి పోలేదు.

నా వైపు తప్పు కూడా చెప్పాలి. ఒకసారి ఒక విదేశీ పిల్లల ఫాంటసీ పుస్తకం మీద టీవీ సీరీస్ పని మా స్టూడియోకి వచ్చింది. మాకు సీన్లను వరసగా బొమ్మల్లో చూపే స్టోరీబోర్డ్ ఇచ్చారు, పాత్రలు ఎలా ఉండాలో చూపే మోడల్ షీట్లు ఇచ్చారు, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉండాలో చెప్పే ఎక్స్‌పోజర్ షీట్లు ఇచ్చారు. పుస్తకం ఇవ్వలేదు. అడిగితే, అది మీ పని కాదు, వారానికి ఇన్ని బొమ్మలు మీ పని అన్నారు. నాకు వచ్చిన షాట్‌లో ఒక పిల్ల ముసలావిడకి దువ్వెన ఇస్తుంది. చెయ్యి ఇక్కడ ఒక కీ, అక్కడ ఒక కీ, అంటే కదలిక మొదలయ్యే బొమ్మ, ముగిసే బొమ్మ. మధ్యలో నేను తొమ్మిది బొమ్మలు సమానమైన ఎడంతో పెట్టాను. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు, అంటే సెకనుకంటే తక్కువ సమయంలో చెయ్యి నున్నగా వెళ్లిపోయింది. సూపర్‌వైజర్ ఓకే చేశారు.

రెండేళ్ల తర్వాత ఆ పుస్తకం చదివాను. ఆ దువ్వెన చనిపోయిన తల్లిది. ఇచ్చేముందు ఆ పిల్ల చెయ్యి ఆగుతుంది, పుస్తకంలో దానికి పూర్తి పేరా ఉంది. నాకు తెలిసి ఉంటే మొదటి కీ దగ్గర బొమ్మల్ని దగ్గర దగ్గరగా పెట్టేదాన్ని, ఒక బొమ్మను పన్నెండు ఫ్రేములు పట్టి ఉంచమని అడిగేదాన్ని. ఖర్చు పైసా పెరిగేది కాదు. ఆ సీరీస్ చూసి ఏదో దేశంలో ఒక పిల్ల "ఇది నా పుస్తకం కాదు" అని ఏడ్చి ఉంటే, అందులో నా తొమ్మిది బొమ్మలున్నాయి. ఆ రోజు నుంచి అభిమానుల కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. బొమ్మల మధ్య ఎడాన్ని మేం స్పేసింగ్ అంటాం, వాళ్లకు ఆ మాట తెలియకపోవచ్చు. చెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదని మాత్రం వాళ్లకు తెలుస్తుంది.

ఇలాంటి దెబ్బలు వేరే పుస్తకాలకూ తగిలాయి. రాల్ఫ్ బక్షీ 1978లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ తీస్తే కథ సగంలో ఆగిపోయింది, రెండో భాగం రాలేదు. లాయిడ్ అలెగ్జాండర్ ప్రిడైన్ నవలలు అయిదు. అందులో మొదటి రెండింటిని కలిపి డిస్నీ 1985లో ఒక సినిమా చేసింది, పుస్తకానికీ దానికీ పోలిక లేదని రచయితే అన్నారు. వాటి గురించి ఇంకోసారి. నాకు గెడ్ దగ్గరే ఉండాలనుంది.

విద్యార్థులు నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, కౌగిలించుకోవడం ఎలా గీస్తాం? ఫైట్ అయితే యాక్షన్ ఉంటుంది. మనిషి తన నీడను ఒప్పుకోవడంలో ఏముంది చూపించడానికి?" మంచి ప్రశ్న. గోరో గారు కూడా దీని దగ్గరే ఇరుక్కున్నారని నా నమ్మకం. దీనికి జవాబు నాకు సినిమాల్లో దొరకలేదు, అనంతపురం వైపు నిమ్మలకుంటలో దొరికింది. అక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. మేకతోలు పల్చగా గీకి, చిల్లులు పొడిచి, రంగులు వేస్తారు. బొమ్మను తెల్లగుడ్డకు ఆనించి పట్టుకుంటే గీతలు, నగలు, కనుబొమలు అన్నీ స్పష్టంగా కనబడతాయి. దాన్ని గుడ్డ నుంచి వెనక్కి, దీపం వైపు జరిపితే పెద్దదవుతుంది, అంచులు చెదిరిపోతాయి, ముఖం పోతుంది. ఇంకా జరిపితే గుడ్డంతా నల్లటి మబ్బు.

అది చూసి నా ఒళ్లు జలదరించింది. సముద్రం అంచున గెడ్ బొమ్మ గుడ్డకు ఆనుకుని, రంగుల్లో, చిన్నగా నిలబడి ఉంటాడు. వెనక దీపం పక్కనుంచి నీడ బయల్దేరుతుంది, తెరంతా అదే, ముఖం లేదు. దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నదవుతుంది. అంచులు తేలతాయి. కనుబొమ కనబడుతుంది, చెంప మీద గాటు కనబడుతుంది. ఆఖరికి అది గుడ్డను తాకేసరికి గెడ్ ఎంత ఉన్నాడో అంతే ఉంటుంది, వాడి గీత మీద గీత పడుతుంది. ఒక్క మాట అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. ఒక పేరు, రెండు గొంతుల్లో.

ఆ ఒక్క సీన్‌కి నేను స్టోరీబోర్డ్ గీశాను, పద్దెనిమిది ప్యానెళ్లు. పక్కన బల్లమీద పెట్టాను, దాని పక్కనే అబిడ్స్‌లో కొన్న నా పుస్తకం ఉంది. ముందు ఆఖరి అధ్యాయం చదవండి, తర్వాత ప్యానెళ్లు చూడండి. పదకొండో ప్యానెల్లో నీడ మరీ త్వరగా చిన్నదవుతోందని నా అనుమానం. పెన్సిల్ కూడా అక్కడే ఉంది, మీకెలా అనిపిస్తే అలా దిద్దండి.