ఎమర్జెన్సీ బ్యాగులో తుపాకీ పెట్టాలా? పెడితే ఏది?

(డాలస్‌లోని తెలుగు స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: గన్ సేఫ్టీ ట్రైనర్, ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే డాక్టర్, ఇమ్మిగ్రేషన్ లాయర్. మధ్యలో ప్రేక్షకుల ఫోన్లు.)

యాంకర్: అందరికీ నమస్కారం. జూన్ వచ్చిందంటే టెక్సాస్ తీరంలో ఉన్న మనవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. హరికేన్ సీజన్ నవంబరు నెలాఖరు దాకా సాగుతుంది. 2024 జూలైలో బెరిల్ వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అంతకుముందు 2021 ఫిబ్రవరి మంచు తుపాను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో నలుగుతున్న ప్రశ్న ఒకటుంది. బ్యాగులో నీళ్లు, టార్చి, మందులు సరే, తుపాకీ కూడా ఉండాలా? ఉంటే ఏ రకం? సార్, మీతోనే మొదలుపెడదాం.

ట్రైనర్: నా దగ్గరికి వచ్చే మనవాళ్లు చాలామంది కూర్చోకుండానే ఏఆర్-15 రైఫిల్ ఎంతండీ అని అడుగుతారు. దేనికండీ అంటే, "ఎందుకైనా మంచిదని" అంటారు. ఎందుకైనా మంచిది అనుకుని కొనే వస్తువు కాదది. ఇంట్లో దొంగ పడతాడని భయమా, అడవిలో చిక్కుకుంటే తిండికా, ఎలుగుబంటి తిరిగే చోట క్యాంపింగా? ఒక్కోదానికి ఒక్కో తుపాకీ. మూడింటికీ పనికొచ్చేది లేదు.

లాయర్: ఒక్క నిమిషం. ఏ రకం అనే ముందు, అసలు మీరు ముట్టుకోవచ్చా అన్నది చూడాలి. స్టూడియోకి వచ్చే దారిలో కూడా ఇదే విషయం మీద ఒకరు ఫోన్ చేశారు. ఉద్యోగానికి వచ్చే హెచ్-1బీ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4, చదువుకి వచ్చే ఎఫ్-1, అమ్మానాన్నలు వచ్చే బీ-2, ఇవన్నీ నాన్-ఇమ్మిగ్రెంట్, అంటే తాత్కాలిక వీసాలు. ఫెడరల్ చట్టం ప్రకారం వీళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, చేతిలో పట్టుకోవడం కూడా.

యాంకర్: షూటింగ్ రేంజ్‌కి వెళ్లి సరదాగా నాలుగు రౌండ్లు కాల్చినా తప్పేనా మేడమ్? ఇండియా నుంచి చుట్టాలొస్తే అందరూ తీసుకెళ్తారుగా!

లాయర్: తీసుకెళ్తారు, ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో కూడా పెడతారు. సాక్ష్యం మనమే తయారుచేసి ఇచ్చినట్టు. 2022లో మార్చిన చట్టంతో దీనికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెరిగింది. జైలు తప్పినా, తుపాకీ నేరం మీద దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయొచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కొనే హక్కు ఉంది, కానీ వాళ్లకీ ఈ డిపోర్టేషన్ ముప్పు వర్తిస్తుంది.

ట్రైనర్: హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది కదా మేడమ్?

లాయర్: ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే వీసా మీద ఉన్నవాళ్లు కూడా చట్టబద్ధంగా ఉంచుకోవచ్చు. చాలామంది కుర్రాళ్లు ఆ దారిలోనే కొంటున్నారు. తిరకాసు ఎక్కడంటే, టెక్సాస్ లైసెన్సు మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. హరికేన్లు ముదిరేది సరిగ్గా అప్పుడే. సెప్టెంబరు 1 పొద్దున లేచేసరికి మీ అల్మరాలో ఉన్న తుపాకీ నేరం అయిపోతుంది, మీకు ఆ సంగతి గుర్తు కూడా ఉండదు.

ఇంకో చిక్కు. భార్య సిటిజన్, భర్త హెచ్-1బీ. తుపాకీ ఆవిడదే, కాగితాలన్నీ ఆవిడ పేరుమీదే. సేఫ్ కోడ్ మాత్రం ఇద్దరికీ తెలుసు. అప్పుడు అది ఆయన దగ్గర కూడా ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించవచ్చు. కోడ్ ఆవిడ ఒక్కరి దగ్గరే ఉండాలి.

యాంకర్: మన ఇళ్లలో భార్యాభర్తల మధ్య ఫోన్ పాస్‌వర్డే దాగదు మేడమ్! (నవ్వులు) డాక్టర్ గారూ, మీరు చాలాసేపటి నుంచి ఆగుతున్నారు.

డాక్టర్: నేను ఒకటే అడుగుతాను. ఫెడరల్ ప్రభుత్వం రెడీ డాట్ గవ్‌లో ఎమర్జెన్సీ కిట్ జాబితా పెట్టింది. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు, పాడవని తిండి, బ్యాటరీ రేడియో, టార్చి, ఫస్ట్ ఎయిడ్, విజిల్, గ్యాస్ కట్టేయడానికి రెంచి, డబ్బా మూత తీసే ఓపెనర్ దాకా ఉన్నాయి. తుపాకీ లేదు. నలుగురున్న ఇంట్లో మూడు రోజులకు 12 గ్యాలన్లు, అంటే ఇంచుమించు 45 కిలోల నీళ్లు. అవి ఎంతమంది ఇళ్లలో ఉన్నాయో చెప్పండి, తర్వాత ఏఆర్-15 గురించి మాట్లాడదాం.

2021 మంచు తుపానులో రాష్ట్రం లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. ఎక్కువమంది చలికి. గ్యారేజీలో కారు ఆన్ చేసుకుని కూర్చుని, బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకుని, కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్లున్నారు. ఆ విషవాయువును పసిగట్టే అలారం తుపాకీతో పోలిస్తే చాలా చవక.

ట్రైనర్: నీళ్లు ముందు అన్నదానికి నేను ఒప్పుకుంటాను డాక్టర్ గారూ. కానీ పోలీసులకు ఫోన్ చేస్తే రాని రాత్రి కూడా ఉంటుంది. 2005లో కత్రినా హరికేన్ అప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో ఏమైందో చూశాం.

డాక్టర్: చూశాం, అందుకే చెప్తున్నాను. అప్పుడు టీవీల్లో వచ్చిన దోపిడీ, హత్యల కథల్లో చాలా వాటికి ఆధారం లేదని తర్వాత తేలింది. కానీ ఆ పుకార్ల భయం ఏం చేసింది? 2005 సెప్టెంబరు 4న డాంజిగర్ వంతెన మీద నడిచి వెళ్తున్న నిరాయుధుల మీద పోలీసులే కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. శిక్షణ ఉన్న పోలీసుల పరిస్థితే అది. కరెంటు లేని రాత్రి మన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తలుపు చప్పుడు విని ఏం చేస్తాడు? వచ్చింది పక్కింటాయన కావచ్చు, మంచినీళ్లు అడగడానికి.

ట్రైనర్: అదే కత్రినాలో పోలీసులు ఇళ్లకు వెళ్లి చట్టబద్ధంగా ఉంచుకున్న జనం తుపాకులు కూడా పట్టుకెళ్లిపోయారు. అది కూడదని 2006లో కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది. ప్రాణం మీదికి వస్తే కాపాడుకునే హక్కు జనానికి ఉందనే కదా దానర్థం?

డాక్టర్: హక్కు ఉంది. నేను హక్కు గురించి మాట్లాడటం లేదు. ఈ దేశంలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2021లో 48,830 మంది చనిపోతే అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నారు. తుపాను తర్వాత ఉద్యోగం పోయి, ఇల్లు మునిగి, నిద్రలేని మనిషి ఉన్న ఇల్లది. మాత్రలు మింగినవాళ్లను మేం చాలాసార్లు బతికిస్తాం. తుపాకీ ఆ అవకాశం ఇవ్వదు. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోకపోతే ఆ కొన్నాళ్లు తుపాకీ ఇంటి బయట ఉండాలి. మీకే అలా అనిపిస్తుంటే 988కి ఫోన్ చేయండి, పగలూ రాత్రీ ఎత్తుతారు.

యాంకర్: ట్రైనర్ గారూ, ఇవన్నీ విన్నాక కూడా కొనాలనుకునే గ్రీన్ కార్డువాళ్లు, సిటిజన్లు ఉంటారు. వాళ్లకి మీ సలహా?

ట్రైనర్: ఇప్పుడు అసలు విషయానికొద్దాం. సర్వైవల్ తుపాకీ అని షాపువాళ్లు చూపించేది ఎక్కువగా పాయింట్ టూ టూ (.22) అనే చిన్న తూటా రైఫిల్. ఏఆర్-7 అని ఒకటుంది. యూజీన్ స్టోనర్, ఏఆర్-15 వెనకున్న పెద్దమనిషే, 1950ల చివర్లో డిజైన్ చేశాడు. బ్యారెల్, మిగతా భాగాలు విప్పి ప్లాస్టిక్ మడమలోనే, అంటే భుజానికి ఆనించే భాగంలోనే, సర్దేయొచ్చు. బరువు మూడున్నర పౌండ్లు. రుగర్ 10/22 అనే ఇంకో పాయింట్ టూ టూ రైఫిల్‌లో కూడా రెండు ముక్కలయ్యే టేక్‌డౌన్ మోడల్ 2012 నుంచి వస్తోంది. నన్నడిగితే ఇదే నయం, ఏఆర్-7 ఒక్కోసారి తూటా రకం మీద పేచీ పెడుతుంది. ఈ తూటాలు 500 తీసుకున్నా కిలోన్నర, కిలోముప్పావు మించవు. షాట్‌గన్ తూటాలు పాతికే కిలోకి పైన. మోసుకుని నడవాల్సి వస్తే తేడా తెలుస్తుంది.

కానీ నిజం చెప్పాలంటే ఇవి విమానం కూలి అడవిలో పడ్డవాడికి, కుందేలునో ఉడుతనో కొట్టుకు తినడానికి. ఏఆర్-7కి ముందున్న ఏఆర్-5 అమెరికా వాయుసేన సిబ్బంది కోసమే చేశారు. అలాస్కాలో చిన్న విమానాల్లో ఉండాల్సిన ఎమర్జెన్సీ సామాన్ల చట్టంలో ఒకప్పుడు తుపాకీ కూడా ఉండేది, తర్వాత తీసేశారు. గొడ్డలి, కత్తి, గాలాలు, దోమల వల మిగిలాయి. రష్యావాళ్ల కథ ఇంకా బాగుంటుంది. 1965 మార్చిలో అంతరిక్షం నుంచి తిరిగొస్తూ లియోనొవ్, బెల్యాయెవ్ అనే ఇద్దరు వ్యోమగాములు దిగాల్సిన చోట కాక మంచు అడవిలో దిగారు. రెండు రాత్రులు అక్కడే. ఆ తర్వాత సోయుజ్ అంతరిక్ష నౌక కిట్‌లో మూడు గొట్టాల పిస్టల్ పెట్టారు, టీపీ-82. రెండు షాట్‌గన్ గొట్టాలు, కింద ఒక రైఫిల్ గొట్టం. దాని మడమే విప్పితే పెద్ద కత్తిలా వాడుకోవచ్చు. చాలా ఏళ్లు తీసుకెళ్లారు, తర్వాత దాన్నీ పక్కన పెట్టారు.

యాంకర్: కేటీ, ఫ్రిస్కో లాంటి శివారు ఊళ్లలో ఉన్నవాళ్లకి కుందేళ్ల వేట ఎందుకు చెప్పండి!

ట్రైనర్: అదే అంటున్నా! సబ్‌డివిజన్‌లో కుందేలును కొడితే ముందు కాలనీ అసోసియేషన్ నోటీసు వస్తుంది. ఊళ్లో ఉండేవాళ్లు కొనేది ఇంటి రక్షణకే. అక్కడ చాలామంది 12 గేజ్ షాట్‌గన్ అంటారు. నేను 20 గేజ్ చెప్తాను, గేజ్ అంకె పెరిగితే గొట్టం సన్నం. భుజం మీద తన్ను తక్కువ, ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా పట్టుకోగలరు. 9 ఎంఎం పిస్టల్ చిన్నది, దాచడం తేలిక. కానీ గురి చూసి కొట్టడం అన్నిటికన్నా కష్టం దాంతోనే. నెలకోసారి రేంజ్‌కి వెళ్లనివాళ్లు పిస్టల్ కొనకండి. ఏఆర్-15 గొప్ప రైఫిలే, అయితే బ్యాగులో పెట్టుకుని షెల్టర్‌కి పోయే వస్తువు కాదు.

ఇంకో మాట. మనం ఇటుక గోడల ఇళ్లలో పెరిగాం. ఇక్కడ గదుల మధ్య ఉన్నది జిప్సం అట్ట. 9 ఎంఎం గానీ షాట్‌గన్ పెద్ద గుండ్లు (బక్‌షాట్) గానీ ఒక గోడతో ఆగవు. అవతల గదిలో పిల్లలు పడుకుని ఉంటారు.

(టేబుల్ మీద ఉక్కు పెట్టె పెట్టారు.)

ఖాళీదే, కంగారు పడకండి. నాలుగు వేళ్లకి నాలుగు మీటలు. డాక్టర్ గారూ, చూడకుండా తీయండి, కోడ్ రెండు, నాలుగు, ఒకటి, మూడు.

డాక్టర్: (రెండుసార్లు నొక్కి) ఎర్ర లైటు వస్తోంది.

ట్రైనర్: స్టూడియోలో ఇంత వెలుతురులోనే ఇలా ఉంది. చీకట్లో చేతులు వణుకుతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఇది 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. ఏడాది పట్టించుకోకపోతే బ్యాటరీ అయిపోతుంది. అందుకని తాళంచెవి కూడా ఇస్తారు. మనవాళ్లు ఆ చెవిని ఎక్కడ పెడతారనుకున్నారు? పెట్టె కిందే, టేప్ వేసి. ఎనిమిదేళ్ల పిల్లాడికి అది కనిపెట్టడం ఎంతసేపు? తుపాకీ, తూటాలు విడివిడిగా తాళాల్లో ఉండాలి. శుభ్రం చేసేముందు తూటాలుండే మ్యాగజైన్ తీసి, గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు పని మొదలుపెట్టాలి. మన విద్యార్థి ఒకరు తుపాకీ శుభ్రం చేస్తూ పేలి చనిపోయిన వార్త 2024లో చదివాం.

యాంకర్: లైన్లో షుగర్ ల్యాండ్ నుంచి ఒకరున్నారు. చెప్పండి.

కాలర్: నమస్తే అన్నా. నేను సిటిజన్‌నే. హరికేన్ వస్తుందంటే ఊరు ఖాళీ చేయమంటరు కదా. తుపాకీ కార్ల పెట్టుకొని పోవచ్చా? మొన్నటిదాంక లైసెన్స్ కావాలని విన్న.

లాయర్: టెక్సాస్‌లో 2019లో ఒక చట్టం తెచ్చారు. తప్పనిసరిగా ఖాళీ చేయమని ఆర్డర్ వస్తే, 168 గంటల పాటు, అంటే వారం, లైసెన్సు లేకపోయినా దగ్గర పెట్టుకుని వెళ్లొచ్చు. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, వేరే అడ్డంకులు లేనివాళ్లకు మామూలు రోజుల్లో కూడా లైసెన్సు అక్కర్లేదు. రాష్ట్రం దాటితే మాత్రం అక్కడి రూల్సు వేరు. దారిలో ఉన్న రాష్ట్రాల కోసం ఫెడరల్ రక్షణ ఉంది. తుపాకీలో తూటాలు ఉండకూడదు, అది చేతికందే చోట ఉండకూడదు, డిక్కీలో పెట్టి తాళం వేయాలి. డిక్కీ లేని కారైతే తాళం వేసిన పెట్టెలో పెట్టండి. గ్లవ్ బాక్స్ దానికి పనికిరాదు.

కాలర్: మరి షెల్టర్‌కి పోతే?

డాక్టర్: రెడ్‌క్రాస్ షెల్టర్లోకి ఆయుధాలు తీసుకెళ్లనివ్వరు. చాలామందికి గుమ్మం దాకా వెళ్లాకే తెలుస్తుంది.

కాలర్: అంటే కార్ల వదిలేయాల్నా?

ట్రైనర్: పార్కింగ్‌లో కార్ల అద్దాలు పగలగొట్టేవాళ్లు మొదట వెతికేది అదే అన్నా. వదలక తప్పకపోతే కారు సీటు కింది ఇనుప కమ్మీకి కేబుల్‌తో కట్టిన పెట్టెలో పెట్టండి. అంతకన్నా మీరు చుట్టాలింటికి వెళ్తున్నారో, షెల్టర్‌కి వెళ్తున్నారో ముందే తేల్చుకోండి. షెల్టర్ అయితే ఇంట్లోనే వదిలేయండి, మేడ మీది గదిలో గోడకి బోల్టు వేసిన సేఫ్‌లో. సీరియల్ నంబరు ఫోటో తీసి మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. పోతే పోలీసులు మొదట అడిగేది ఆ నంబరే.

కాలర్: మాది సింగిల్ స్టోరీ ఇల్లన్నా. మేడ లేదు.

ట్రైనర్: అయితే అటకెక్కించొద్దు, వేడికి తూటాలు పాడైతయి. క్లోజెట్‌లో ఎంత ఎత్తులో వీలైతే అంత ఎత్తున సేఫ్ బిగించండి. నీళ్లు తగిలినా తుడిచి, విప్పి, నూనె పెడితే తుపాకీ బాగుపడుతుంది. తడిసిన తూటాలు మాత్రం వాడకండి, పక్కన పెట్టి గన్ షాపులో అప్పగించండి.

యాంకర్: బ్రేక్ టైమ్ అయ్యింది. తర్వాతి కాలర్ లైన్లోనే ఉండండి, మీ అత్తమామల బీ-2 ప్రశ్న మేడమ్ బ్రేక్ తర్వాత తీసుకుంటారు.