అరవై దాటాక కడుపునొప్పి: జ్వరం లేదని ఆగొద్దు

హోస్ట్: సార్, ఇంట్లో పెద్దవాళ్లకి కడుపునొప్పి అంటే ముందు వాము, తర్వాత గ్యాస్ మాత్ర. అపెండిసైటిస్ అన్న ఆలోచనే రాదు. ఆ ఇరవై నాలుగు గంటల నొప్పి కాలేజీ పిల్లలకి వచ్చేది కదా?

డాక్టర్: పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఎక్కువ, నిజమే. అలాగని అరవైలో రాదని కాదు. ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డ్‌కి 60 ఏళ్లప్పుడు వచ్చింది. 1902 జూన్ 26న పట్టాభిషేకం. రెండు రోజుల ముందు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే ఆపరేషన్!

హోస్ట్: అయ్యో! అపెండిక్స్ తీసేశారా?

డాక్టర్: లేదు. అప్పటికే చీముగడ్డ కట్టింది. సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ చీము మాత్రం తీసేశారు. ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది, రాజుగారు 1910 దాకా బతికారు. అందరికీ అంత అదృష్టం ఉండదు.

హోస్ట్: పెద్దవాళ్లలో అంత ముదిరేదాకా ఎందుకు తెలీదు?

డాక్టర్: కుర్రాళ్లలో నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగుతుంది. వాంతులు, జ్వరం. పెద్దవాళ్లలో ఈ వరస కనిపించకపోవచ్చు. సన్నటి నొప్పి, ఉబ్బరం, అన్నం సహించకపోవడం, అంతే. కొందరిలో జ్వరం రాదు, తెల్లకణాలు పెరగవు. స్టెరాయిడ్లు వాడేవాళ్లలో మరీ కష్టం. పైగా "అర్ధరాత్రి పిల్లల్ని లేపడం దేనికి" అని ఓర్చుకుంటారు. ఈలోపు అపెండిక్స్ పగులుతుంది.

హోస్ట్: అల్ట్రాసౌండ్ చాలదా?

డాక్టర్: అందులో అపెండిక్స్ కనపడకపోతే జబ్బు లేనట్టు కాదు. ఈ వయసులో నేనైతే సీటీ స్కాన్ అంటాను. సీటీకి ఎక్కించే మందు కిడ్నీలకి పడుతుందో లేదో అని వాటి పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూసుకోవాలి, కానీ ఆ టెన్షన్‌తో స్కాన్ వాయిదా వేస్తూ పోకూడదు.

హోస్ట్: ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో తగ్గదా?

డాక్టర్: కొందరికి తగ్గుతుంది. 2020లో ఫలితాలొచ్చిన అమెరికా కోడా ట్రయల్‌లో, మందులతో మొదలుపెట్టిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అపెండిక్స్‌లో రాయిలా గట్టిపడిన మలం ఉంటే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ఇంకోటి, నలభై దాటినవాళ్లు మందులతో తగ్గించుకుంటే తర్వాత కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, గురించి డాక్టర్‌ని అడగాలి. పెద్దపేగు మొదట్లో ఉన్న క్యాన్సర్ గడ్డే అపెండిక్స్ నోరు మూసి ఉండొచ్చు. నొప్పి తగ్గిందిగా అని చాలామంది మళ్లీ రారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

హోస్ట్: మరి ఆ రాత్రి ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

డాక్టర్: విరేచనం అయ్యేందుకు మందు ఇవ్వొద్దు. నొప్పి తగ్గకపోతే తెల్లారేదాకా చూడకుండా బయల్దేరండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ మర్చిపోకండి. మేం అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.