రెండోసారి ముక్కు ఆపరేషన్: చెవా, పక్కటెముకా?

తమ్ముడు: నమస్తే అండీ. ఇవాళ్టి విషయం పోయినవారమే చెప్పాం. ఒకసారి ముక్కు ఆపరేషన్ అయి, సరిగ్గా కుదరక మళ్ళీ చేయాల్సి వస్తే గ్రాఫ్ట్, అంటే అతికే ముక్క, ఎక్కణ్ణుంచి తేవాలి? ముక్కు మధ్యగోడ అయిన సెప్టమ్, చెవి, పక్కటెముక, దాత కార్టిలేజ్ (మృదులాస్థి), కృత్రిమ ఇంప్లాంట్లు. ఐదూ వరసగా...

అక్క: ముందు ఫైల్.

తమ్ముడు: వచ్చేసింది ఫైల్! ఐదు నిమిషాలైనా ఆగుతారనుకున్నా అక్కా.

అక్క: ఎందుకు ఆగాలి? పాత ఆపరేషన్ నోట్స్ చూడకుండా గ్రాఫ్ట్ ఎంచుకోవడమంటే గోదాం తలుపు తీయకుండా సరుకు లెక్క చెప్పడమే. సెప్టమ్‌లోంచి ఎంత తీశారు, ఏ చెవి కోశారు, లోపల ఇంప్లాంట్ ఉందా, ఉంటే ఏ రకం? డిశ్చార్జ్ సమ్మరీలో "సెప్టోరైనోప్లాస్టీ చేశాం" అని ఒక్క లైను రాస్తారు. దాంతో ఏం తెలుస్తుంది? వినేవాళ్ళు దయచేసి ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి.

తమ్ముడు: అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది.

అక్క: మూడేళ్ళు దాచాలనీ ఉంది. ఆ మూడేళ్ళూ దాటాక వెళ్తే ఎవరు వెతికిస్తారు? ఇంటికొచ్చే రోజే అడగాలి.

తమ్ముడు: సరే, అసలు దొరకలేదనుకోండి. కాటన్ బడ్‌తో సెప్టమ్‌ని ఒకవైపు నుంచి మెల్లగా నొక్కి చూడొచ్చు. కార్టిలేజ్ ఉన్నచోట గట్టిగా తగులుతుంది, తీసేసినచోట తెరలా ఊగుతుంది. మిగిలి ఉంటే మొదటి ఎంపిక అదే. తిన్నగా ఉంటుంది, ఇంకోచోట కోత అక్కర్లేదు.

అక్క: మిగిలి ఉంటే. ముందువైపూ పైవైపూ కనీసం 1 సెంటీమీటరు చొప్పున ఎల్ ఆకారంలో పట్టీ వదలాలి కదా. రెండోసారి వచ్చేవాళ్ళలో చాలామందికి మిగిలేది ఆ పట్టీ ఒక్కటే. దాన్ని గీరితే ముక్కు మధ్యలో కుంగిపోతుంది.

తమ్ముడు: అప్పుడు చెవి. దానికి పుట్టుకతోనే వంపు. ముక్కు రెక్కలు లోపలికి పీల్చుకుపోతున్నా, కొన దగ్గర చిన్న ముక్క కావాలన్నా బాగుంటుంది. నిలువు స్తంభంగా మాత్రం నిలవదు. రెండు ముక్కలు వీపు వీపూ ఆనించి కుడితే కొంత నయం.

అక్క: చెవి అంచుకి లోపలివైపున్న యాంటీహెలిక్స్ మడతని ముట్టుకోకపోతే చెవి ఆకారం మారదు. తీశాక రెండువైపులా ఒత్తు పెట్టి, ఆరపార కుట్టాలి. లోపల రక్తం చేరితే చెవి ముడుచుకుపోతుంది. చెవి గురించి ఇంతే.

తమ్ముడు: ఇక పక్కటెముక, అంటే దాని ముందు కొసనుండే కార్టిలేజ్. దాన్ని మళ్ళీ ములక్కాడతో పోల్చకండి, ప్లీజ్.

అక్క: నేననను. వినేవాళ్ళు అప్పుడే అనేసుకున్నారు.

తమ్ముడు: సరే. మామూలుగా ఆరోదో ఏడోదో తీస్తాం. ఆడవాళ్ళలో రొమ్ము కింది మడతలో కోస్తే మచ్చ కనబడదు. కావాల్సినంత దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది. చిక్కల్లా వంపు. గిబ్సన్, డేవిస్ 1958లోనే కారణం చెప్పారు. కార్టిలేజ్ పైపొర బిగుతుగా లాగి పట్టి ఉంటుంది. ఒకవైపు ఆ పొర చెక్కేస్తే, మిగిలిన వైపుకి ముక్క వంగిపోతుంది.

అక్క: అందుకే నాలుగు వైపులా సమానంగా చెక్కి, నడిమి భాగం వాడాలి. అరగంట సెలైన్‌లో వదిలేయాలి. వంగేది చాలావరకు అక్కడే బయటపడుతుంది. మళ్ళీ సరిచేసి అప్పుడు పెట్టాలి.

తమ్ముడు: అరగంటతో ఆగదు అక్కా. వారాల తరవాత కూడా వంగుతుంది. పైగా అంత చెక్కితే ఒక ఎముక నుంచి పనికొచ్చేది ఒక్క ముక్క. అదే 30 నుంచి 45 డిగ్రీల వాలులో కోస్తే? ప్రతి పట్టీకీ రెండు కొసల్లోనూ పైపొర ఉంటుంది, రెండు లాగుళ్ళూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంలో తిన్నటి పట్టీలు నాలుగైదు వస్తాయి. స్ప్రెడర్లకి, అంటే సెప్టమ్‌కి అటూ ఇటూ పెట్టే పట్టీలకి, సెప్టమ్ పొడిగించడానికి అంతకన్నా ఏం కావాలి?

అక్క: స్ప్రెడర్లకి ఒప్పుకుంటాను. ముక్కు దూలం 6 మిల్లీమీటర్లు కుంగిపోయినవాడికో? నీ రెండు మిల్లీమీటర్ల పట్టీ ఏం నింపుతుంది?

తమ్ముడు: ఒకదానిమీద ఒకటి పేర్చి కుడతాను.

అక్క: అతుకుల అంచులు పలచటి చర్మం కింద మెట్లలా కనబడతాయి. రెండోసారి వచ్చే ముక్కు మీద చర్మం అసలే పలచబడి, మచ్చకట్టి ఉంటుంది.

తమ్ముడు: మీరు ఒకే ముక్కగా చెక్కే దిమ్మ మాత్రం? ఇరవై ఏళ్ళవాడి ఎముక ఎంత వంగుతుందో మీకు తెలియనిదా?

అక్క: వంగుతుంది. కాదన్నానా? నడుమ సన్నని స్టీలు తీగ గుచ్చితే ఆగుతుంది.

తమ్ముడు: ఆ తీగ జారి బయటికి పొడుచుకొచ్చే కేసులున్నాయి. ఒకరి వంపు తప్పించడానికి లోహం పెట్టడం నాకు నచ్చదు.

అక్క: సరే, తీగ వద్దు. దిమ్మే వద్దు. కేవలం ఎత్తు కావాల్సినచోట నేనైతే తరిగిన కార్టిలేజ్ వాడతాను. అర మిల్లీమీటరు ముక్కలుగా తరగాలి. 1 మి.లీ. సిరంజి మూతి కోసేసి అందులో నింపాలి. కణత పైన జుట్టులోంచి తీసిన ఫేషియాని, అంటే కండరం మీది పలచటి పొరని, సిరంజికి చుట్టి, కుట్టి సంచి చేసుకుని, ముక్కల్ని అందులోకి తోయాలి. అందులో వంగడానికేముంది?

తమ్ముడు: దీన్ని మొదలుపెట్టిన ఓనుర్ ఎరోల్ 2000లో సర్జిసెల్, అంటే రక్తం ఆపడానికి వాడే, ఒంట్లో కరిగే గుడ్డ, చుట్టారు కదా, ఫేషియా కాదు.

అక్క: అవును, దానికి ఆయన పెట్టిన పేరు టర్కిష్ డిలైట్. డేనియల్, కాల్వర్ట్ 2004లో సర్జిసెల్ చుట్టినవీ ఫేషియా చుట్టినవీ పోల్చి చూశారు. సర్జిసెల్ చుట్టిన గ్రాఫ్టులు కరిగిపోయాయి. ఫేషియా అందుకే.

తమ్ముడు: అయినా అది నింపుతుందే గానీ మోయదు. కింద దూలం కూలిపోయి ఉంటే సంచి కూడా కుంగుతుంది. నేను చెప్పేదీ అదే. ముందు నా పట్టీలతో పునాది నిలబెట్టి, మీ సంచి దాని మీద పెడదాం.

అక్క: ...అలాగైతే నాకేం పేచీ లేదు. ఎముక ఒకటే, నీ పట్టీలు పోగా మిగిలిన తరుగు నా సంచిలోకి వస్తుంది. మొదటి రెండు వారాలు చేత్తో నొక్కి ఆకారం సరిదిద్దుకోవచ్చు కూడా.

తమ్ముడు: ఇంకో మాట. వయసు మీద పడ్డవాళ్ళలో పక్కటెముక సున్నం కడుతుంది. తక్కువ వంగుతుంది గానీ చెక్కుతుంటే విరుగుతుంది. కోసేముందు సూదితో గుచ్చి చూడాలి. సూది దిగకపోతే దాత కార్టిలేజ్ గురించి ఆలోచించాలి.

అక్క: రేడియేషన్ ఇచ్చిన దాత కార్టిలేజ్ అయితే ఛాతీ మీద కోత తప్పుతుంది, నొప్పి ఉండదు. కానీ ఎంత కరుగుతుందో ముందుగా చెప్పలేం. ఆ మాట పేషెంటుకి సూటిగా చెప్పాలి.

తమ్ముడు: ఇంప్లాంట్లు రెండు నిమిషాల్లో తేల్చేద్దామా?

అక్క: ఒక్క నిమిషం చాలు. సిలికాన్ చుట్టూ పొర కడుతుంది, కణజాలం లోపలికి పోదు, కాబట్టి తీయడం తేలిక. కొన దాకా వచ్చే ఎల్ ఆకారపు ముక్క మాత్రం కొసన చర్మాన్ని పలచన చేసి, ఎర్రబరిచి, ఏదో ఒకరోజు బయటికొస్తుంది. మెడ్‌పోర్ అనే ప్లాస్టిక్ ఇంప్లాంట్ రంధ్రాల్లోకి కణజాలం అల్లుకుపోతుంది, తీయబోతే చర్మం కూడా చిరుగుతుంది. గోర్‌టెక్స్ అనే మెత్తటి ఇంప్లాంట్‌కి ఇన్ఫెక్షన్ సోకితే మందులతో లొంగడం కష్టం, తీసేయాల్సిందే. మచ్చకట్టి రక్తం సరిగా అందని ముక్కులో ఈ మూడూ నాకు వద్దు. అందుకే అంటున్నాను, లోపల ఏముందో కోయకముందే తెలియాలి. ఫైల్...

తమ్ముడు: ఫైల్, అవును అక్కా, ఒప్పుకున్నా. ఎముక తీశాక నీళ్ళ పరీక్ష కూడా చెప్పేయండి. జూనియర్లు అడిగారు.

అక్క: అది చాలా ముఖ్యం. గాయం నిండా సెలైన్ పోసి, మత్తు డాక్టరుని ఊపిరితిత్తులు ఉబ్బించి పట్టమనాలి. బుడగలొస్తే ప్లూరా, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర, చిరిగినట్టు. ఊపిరితిత్తికి దెబ్బ లేదనుకుంటే, చిరుగులోంచి సన్నని రబ్బరు గొట్టం పెట్టి, దాని చుట్టూ సంచి మూతిలా కుట్టు వేసి, మళ్ళీ ఊపిరి నింపించి, గాలి లాగేస్తూ గొట్టం తీసి ముడి బిగించాలి.

తమ్ముడు: తరవాత?

అక్క: మళ్ళీ నీళ్ళు పోసి చూడాలి. ఆపైన ఎక్స్‌రే.

తమ్ముడు: ఒకవేళ ఊపిరితిత్తికే గీరుకుంటే...

అక్క: అప్పుడు ఛాతీ గొట్టం, ఛాతీ సర్జన్. అది పొడుగు కథ.

తమ్ముడు: టైమ్ దాటిపోయింది. కొన గురించి అసలు ఎత్తనే లేదు మనం.

అక్క: వచ్చేవారం ఎత్తుదాం. నువ్వు ఆ కణత ఫేషియా బొమ్మలు తీసుకురా.